సర్ఫేస్ ఫిజిక్స్ చదివి మైక్రోసిస్టమ్స్‌లోకి: నా అనుభవం

ఘనపదార్థాల భౌతికశాస్త్రం మొదలుపెట్టే ప్రతి విద్యార్థీ మొదటి పాఠంలోనే ఒక అబద్ధానికి తలూపుతాడు. స్ఫటికం అన్ని దిక్కులా అంతులేకుండా సాగిపోతుందని, అందులోని ప్రతి పరమాణువుకూ చుట్టూ ఒకే రకం ఇరుగుపొరుగు ఉంటుందని ఒప్పుకుంటే తప్ప లెక్కలు ముందుకు కదలవు. నిజానికి స్ఫటికం ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఆ ఆగిన చోట, పైన తోడు లేని పరమాణువు ఏం చేస్తుందన్న ప్రశ్నతో మొదలయ్యేది సర్ఫేస్ ఫిజిక్స్, అంటే ఉపరితల భౌతికశాస్త్రం. నేను పరిశోధన చేసింది అందులోనే. ఇప్పుడు పశ్చిమ గోదావరిలో ఒక ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతూ, రొయ్యల చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే చిన్న చిప్ మీద పని చేస్తున్నాను. అది మైక్రోసిస్టమ్స్ ఇంజనీరింగ్, అంటే చిప్పుల మీద అతి చిన్న యంత్రాలూ సెన్సార్లూ చేసే విద్య, కిందికి వస్తుంది. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదిరిందని ఇంటర్వ్యూ బోర్డుల్లోనూ, చుట్టాల ఇళ్లలోనూ, మా విద్యార్థుల దగ్గరా వింటూనే ఉన్నాను కనుక, ఆ దారి సాగిన తీరు వివరంగా రాస్తున్నాను.

నా డిగ్రీ కాకినాడలో, ఎం.పి.సి. గ్రూపు. అప్పటి ప్రాక్టికల్స్‌లో రెండింటిని మాత్రం ఇక్కడ చెప్పుకోవాలి. మీటరు స్కేలును రెండు కత్తి అంచుల మీద ఆనించి, రెండు కొసలా బరువులు వేలాడదీసి, మధ్యలో మైనంతో నిలబెట్టిన గుండుసూది ఎంత పైకి లేచిందో ట్రావెలింగ్ మైక్రోస్కోపులో చూసి యంగ్ గుణకం కట్టడం ఒకటి. కేశనాళికలో నీరు ఎంత ఎత్తు ఎక్కిందో కొలిచి తలతన్యత, అంటే నీటి ఉపరితలపు బిగువు, కట్టడం రెండోది. రికార్డులో సంతకం పడడం తప్ప వాటితో వేరే పని ఉంటుందని ఆనాడు మాకు ఎవరూ చెప్పలేదు. ఎం.ఎస్సీ. విశాఖపట్నంలో, ఆంధ్రా యూనివర్సిటీలో చదివాను. అక్కడే మొదటిసారి వాక్యూమ్ పంపు చప్పుడు విన్నాను, పలుచని లోహపు పొరలను గాజు పలక మీద ఆవిరి రూపంలో పట్టించడం నేర్చుకున్నాను. తర్వాత పరిశోధనలో చేరడానికి అందరూ రాసే పరీక్షలే: నెట్, గేట్, జెస్ట్. పిహెచ్.డి. ఇంటర్వ్యూలకు వెళ్లే మన ప్రాంతపు విద్యార్థులకు ఒక్క మాట చెప్పాలి. అక్కడ పెద్ద పెద్ద సిద్ధాంతాలు అడగరు. బోర్డు దగ్గరకు పిలిచి ఒక స్ప్రింగునో, ఒక కండెన్సరునో గీసి, దాన్ని చివరిదాకా లాగుతారు. తెలుగు మీడియంలో చదివి అర్థం చేసుకున్న విషయం ఆ బోర్డు ముందు బాగానే నిలబడుతుంది. ఇంగ్లీషు తడబాటును ఎవరూ పెద్దగా పట్టించుకోరు, లెక్క తడబాటును పట్టించుకుంటారు.

పరిశోధనలో మొదటి ఏడాది అంతా శూన్యంతోనే గడిచింది. ఉపరితలం మీద పరమాణువులను చూడాలంటే ముందు ఆ ఉపరితలం శుభ్రంగా ఉండాలి, శుభ్రంగా ఉన్నది కాసేపైనా అలాగే ఉండాలి. పీడనాన్ని కొలిచే ప్రమాణాల్లో టార్ ఒకటి; ఒక టార్‌లో పది లక్షలవ వంతు పీడనం మనకు మహాశూన్యంలా తోస్తుంది గానీ, ఆ పీడనంలో కూడా గాలి అణువులు వచ్చి తగిలినవి తగిలినట్టే అంటుకుంటే సుమారు ఒక్క సెకనులో ఉపరితలమంతా ఒక వరుస పరుచుకుంటాయి. పీడనాన్ని సెకన్లతో గుణించి కట్టే ఈ లెక్కకు లాంగ్‌మ్యూర్ అన్న ప్రమాణం ఉంది. బల్బు ఫిలమెంట్ల మీద వాయువుల ప్రవర్తనను చూస్తూ ఈ శాస్త్రానికి పునాదులు వేసి, 1932లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ పేరు అది. అందుకే మా ఛాంబరు, అంటే గాలి తోడేసి ప్రయోగాలు చేసే పెట్టె, వెయ్యి కోట్లవ వంతు మిల్లీబార్ దాకా దిగాలి. అప్పుడు గానీ ఒక ప్రయోగం పూర్తి చేసుకోవడానికి రెండు మూడు గంటల వ్యవధి దొరకదు.

ఆ పీడనానికి చేరడం పుస్తకంలో ఒక వాక్యం. ప్రయోగశాలలో అది వారాల చాకిరీ. ఛాంబరు గోడలకు పట్టిన నీటి ఆవిరి ఊరికే వదలదు కనుక, హీటింగ్ టేపులు చుట్టి, పైన అల్యూమినియం రేకు కప్పి, ఛాంబరు మొత్తాన్ని 120 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ వరకూ వేడి చేసి, రేయింబవళ్లు పంపులు నడుపుతూ కాల్చాలి. దీన్ని అందరూ బేకింగ్ అనే అంటారు. ఫ్లాంజిల మధ్య పెట్టే రాగి గ్యాస్కెట్ ఒకసారి నొక్కుకున్నాక మళ్లీ పనికిరాదు. బోల్టులు ఒక పక్క నుంచి వరుసగా బిగిస్తూ పోకూడదు, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. వేలిముద్ర ఒక్కటి లోపల పడినా దాని నూనె వాయువుగా ఊరుతూనే ఉంటుంది. పీడనం దిగకపోతే, లోపల మిగిలిన వాయువులను అణుభారం వారీగా చూపే మాస్ స్పెక్ట్రోమీటరు చూడాలి. 18 దగ్గర గీత పొడుగ్గా ఉంటే నీరు, ఇంకా కాల్చాలి. 28 దగ్గర ఒకటి, దానికి నాలుగో వంతు ఎత్తున 32 దగ్గర ఇంకొకటి ఉంటే బయటి గాలి ఎక్కడో చొరబడుతోందని అర్థం. అప్పుడు హీలియం గొట్టం పట్టుకుని ఒక్కొక్క అతుకు దగ్గరా కొద్దిగా వదులుతూ, తెర మీద 4 దగ్గర గీత ఎప్పుడు లేస్తుందా అని చూడాలి. నాకు ఈ పని విసుగనిపించలేదు. చిన్నప్పుడు వరి మడిలో నీరు నిలవకపోతే గట్టు వెంబడి నడిచి ఎండ్రకాయ బొరియ ఎక్కడుందో వెతకడం మా ఇంట్లో పిల్లల పని. ఇదీ దాదాపు అలాంటిదే.

కొత్తగా వచ్చిన విద్యార్థి చేతికి మా గైడు సొంత నమూనా ఇచ్చేవారు కారు. ముందు సిలికాన్ వన్-వన్-వన్ ముఖాన్ని (స్ఫటికాన్ని ఏ దిశలో కోశారో ఈ అంకెలు చెబుతాయి) శుభ్రం చేసి, దాని ఏడుబైఏడు అమరికను, అంటే రెండు దిక్కులా ఏడేసి పరమాణువుల దూరానికోసారి తిరిగి వచ్చే అమరికను, చూపించాలి. సిలికాన్ ముక్కలోంచే కరెంటు పంపి, 1200 డిగ్రీలకు కొన్ని సెకన్లు తళుక్కుమనిపించి, పైన ఉన్న ఆక్సైడ్‌ను ఎగరగొట్టి, 850 డిగ్రీల ప్రాంతంలో నెమ్మదిగా చల్లార్చాలి. ఎలక్ట్రాన్ పుంజాన్ని దాని మీదకు వదిలితే ఆకుపచ్చ తెర మీద పెద్ద చుక్కల మధ్య ఏడో వంతు దూరాల్లో చిన్న చుక్కలు బారులు తీరుతాయి. 49 పరమాణువుల వైశాల్యంలో జత దొరక్క వేలాడే బంధాలు 49 ఉండవలసిన చోట, పరమాణువులు తమను తాము సర్దుకుని వాటిని 19కి తగ్గించుకుంటాయి. ఈ చుక్కలను 1959 నుంచే చూస్తున్నా, పరమాణువులు ఎక్కడెక్కడ కూర్చున్నాయో పోల్చుకోవడానికి చాలాకాలం పట్టింది. 1983లో బిన్నిగ్, రోరర్ బృందం, పరమాణువులను విడివిడిగా చూపే టన్నెలింగ్ మైక్రోస్కోపులో తీసిన చిత్రం, 1985లో తకయనాగి ఇచ్చిన నమూనా ఆ చిక్కు విప్పాయి. ఇది పరీక్షలో రాయడానికి పనికొచ్చే కథ. అయితే, ఉపరితలం అంటే లోపలి పదార్థాన్ని కోస్తే మిగిలే ముఖం కాదని, దానికి సొంత నిర్మాణం, సొంత రసాయనం ఉంటాయని నాకు నమ్మకం కలిగింది ఆ ఆకుపచ్చ తెర ముందే.

నా థీసిస్ విషయం ప్లాటినం మీద ఆక్సిజన్. ఆర్గాన్ అయాన్లతో ప్లాటినం ముఖాన్ని గీరి, వేడి చేసి, మిగిలిన కార్బన్‌ను ఆక్సిజన్‌తోనే కాల్చి తీసేశాక, చల్లని ప్లాటినం మీదకు కొద్దికొద్దిగా ఆక్సిజన్ వదలాలి. బాగా చల్లగా ఉన్నప్పుడు అది అణువుగానే అతుక్కుంటుంది, కాస్త వేడెక్కితే రెండు పరమాణువులుగా విడిపోయి ఒక క్రమంలో కూర్చుంటుంది, ఇంకా బాగా వేడి చేస్తే మళ్లీ జతకట్టి ఎగిరిపోతుంది. గెర్హార్డ్ ఎర్టల్‌కు 2007లో రసాయనశాస్త్రంలో నోబెల్ తెచ్చిన పనిలో, ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్‌తో ఎలా కలుస్తుందన్నది ముఖ్య భాగం. ఆ తోటలో నేను ఒక మూల గడ్డి పీకానని చెప్పుకుంటే సరిపోతుంది.

డిగ్రీ చేతికి వచ్చాక ఊరికి దగ్గరలో ఉద్యోగం వెతుక్కున్నాను. ఇంటి పరిస్థితులు అలాంటివి. ఒక కళాశాల ఇంటర్వ్యూలో, ఇక్కడ మీ ఛాంబరు ఏదీ ఉండదు, మరి మీ పరిశోధన ఏమవుతుందని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ తర్వాత బోర్డులోని ఒక పెద్దమనిషి, ఈ ప్లాటినం మీద ఆక్సిజన్ వల్ల రైతుకేమిటని నవ్వుతూ అన్నారు. అది మాత్రం ఆయన దృష్టిలో ప్రశ్న కాదు, అక్కడితో ఇంటర్వ్యూ ముగిసిందని చెప్పడమే. చివరికి వేరే చోట చేరాను. అక్కడి ప్రయోగశాలలో ఉన్నవి ఆసిలోస్కోపులు, లేజర్ కిట్లు, బోలెడంత ఉక్కపోత.

మైక్రోసిస్టమ్స్‌లోకి దారి చూపింది ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్. సొంత క్లీన్‌రూమ్ (చిప్పులు చేసే, దుమ్ము లేని గది) లేని కళాశాలల వాళ్లు బెంగళూరు ఐఐఎస్‌సీ, బొంబాయి ఐఐటీ వంటి చోట్ల ఉన్న సౌకర్యాలను వాడుకోవడానికి కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ నిధులతో నడిచే పథకం ఇది. డెల్టా కళాశాలల్లో పనిచేసే చాలామంది అధ్యాపకులకు ఇది ఉందనే తెలియదు, అందుకే కాస్త విడమరచి చెబుతున్నాను. మొదట పరిచయ కార్యశాల. అది ఉపన్యాసాలూ, ఒకసారి చుట్టూ తిప్పి చూపించడమూ. ఆ తర్వాత చేత్తో పని నేర్పే శిక్షణ. ఆ పైన సొంత ప్రాజెక్టుకు ప్రతిపాదన రాసుకోవచ్చు. ప్రతిపాదనలో పరిచయం, ఉద్దేశాలు ఎంత బాగా రాసినా వాళ్లు ముందు చూసేది ప్రాసెస్ ఫ్లో: ఏ వేఫరు (చిప్పులు చేసే పలుచని సిలికాన్ బిళ్ల), ఏ వరుసలో ఏ పొర, ఎంత మందం, ఏ మాస్కు (పొర మీదకు గీతలు దింపే అచ్చు), ఏ ద్రావణం, ఎన్ని డిగ్రీలు. నన్ను అడిగిన మొదటి ప్రశ్న, ప్లాటినం పట్టించాక ఈ వేఫరు మళ్లీ ఏ ఫర్నేసులోకైనా వెళ్తుందా అన్నది. బంగారం, ప్లాటినం వంటి లోహాలు వేడిలో సిలికాన్‌లోకి తేలికగా చొరబడి, అదే ఫర్నేసు వాడుకునే ఇతరుల ట్రాన్సిస్టర్లను పాడుచేస్తాయి. లోహాలన్నీ చివరి అంకంలోకి నెట్టి, ఫ్లో మొత్తం తిరగరాసి పంపాను.

క్లీన్‌రూమ్‌లో నాకు కొత్తగా తోచినవి దుస్తులూ, పసుపు దీపాలూ మాత్రమే. వేఫరు మీద పూసే, కాంతి పడితే మారిపోయే పూత ఫోటోరెసిస్ట్; దానికి నీలికాంతి, అతినీలలోహిత కాంతి తగలకూడదు కనుక, మాస్కు గీతలను కాంతితో దింపే లితోగ్రఫీ గది అంతా పసుపుపచ్చగా ఉంటుంది. కాసేపయ్యాక బయటికొస్తే ఆకాశం మరీ నీలంగా కనిపిస్తుంది. మిగతాదంతా నాకు పాత పరిచయమే, వేషం మార్చుకుని వచ్చింది. వేఫరును ముందు అమ్మోనియా, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన వేడి నీటిలో కడిగి, తర్వాత పలుచని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముంచుతారు. ఆ ఆమ్లానికి గాజు గిన్నె పనికిరాదు, ఒంటరిగా దాని దగ్గర నిలబడకూడదు, కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికి అందేచోట ఉండాలి. ముంచకముందు వేఫరు మీద నీరు పరుచుకుని తడిగా ఉంటుంది. ముంచి తీస్తే నీరంతా జారిపోయి వేఫరు పొడిగా బయటికి వస్తుంది. ఆక్సైడ్ పోయి, వేలాడే బంధాలకు హైడ్రోజన్ వచ్చి తగులుకుందన్నమాట. నేను 1200 డిగ్రీల వేడితో, అంత శూన్యంలో సాధించిన దాన్ని పోలిన పనిని ఇక్కడ ఒక ప్లాస్టిక్ గిన్నెలో, గాలిలోనే చేస్తున్నారు. దాని మన్నిక తక్కువే, అయినా తర్వాతి పొర వేసేదాకా ఆగితే చాలు.

పొటాషియం హైడ్రాక్సైడ్‌తో సిలికాన్‌ను చెక్కడం చూశాక ఇది పరాయి శాస్త్రమన్న భావం పూర్తిగా పోయింది. 80 డిగ్రీల దగ్గర, 30 శాతం ద్రావణంలో నిమిషానికి సుమారు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) చొప్పున సిలికాన్ కరుగుతుంది, బుడగలు బుడగలుగా హైడ్రోజన్ లేస్తుంది. అర మిల్లీమీటరు మందం వేఫరులో ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా గుంత తవ్వాలంటే పూట గడిచిపోతుంది. అయితే గుంత గోడలు నిలువుగా రావు; 54.7 డిగ్రీల ఏటవాలుగా, అద్దంలా నునుపుగా వస్తాయి. ఆ గోడలు వన్-వన్-వన్ ముఖాలు. అక్కడి ప్రతి పరమాణువునూ వెనక నుంచి మూడు బంధాలు పట్టుకుని ఉంటాయి, అడుగున ఉన్న వన్-జీరో-జీరో ముఖంలో రెండే. అందుకే అడుగు కరుగుతుంది, గోడ దాదాపు కరగదు. శిక్షణ ఇస్తున్న ఇంజనీరు కోణం విలువ చెప్పి ముందుకు వెళ్లిపోయారు. ఆ గోడ ముందు నేను ఇంకాసేపు ఆగాను, ఏడుబైఏడు కోసం తపన పడ్డ ముఖం అదే కనుక.

కాంటిలీవర్ల, అంటే ఒక కొసనే పట్టు ఉన్న సన్నని పలకల, దగ్గర డిగ్రీ ప్రాక్టికల్స్ రెండూ కలిసి వచ్చాయి. రెండు మైక్రాన్ల మందం, వందల మైక్రాన్ల పొడవు ఉన్న పలకను, తర్వాత తీసేయడానికే వేసిన కింది త్యాగపు పొర కరిగించి విడిపించినప్పుడు, అది వంగే లెక్క మీటరు స్కేలు లెక్కే. దాన్ని కడిగి ఆరబెడితే మాత్రం కింద చిక్కిన నీటి తలతన్యత పలకను లాగి నేలకు అంటిస్తుంది, ఇక లేవదు. దీన్ని స్టిక్షన్ అంటారు. కొలతలు తగ్గేకొద్దీ బరువు ఘనం చొప్పున తగ్గుతుంది, ఉపరితలం వర్గం చొప్పునే తగ్గుతుంది; సెంటీమీటరు నుంచి మైక్రాన్‌కు దిగేసరికి ఉపరితలం వాటా పదివేల రెట్లు పెరిగి కూర్చుంటుంది. చిన్న యంత్రాల భాగాలు ఒకదానికొకటి అంటుకుపోతాయని భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ 1959 ఉపన్యాసంలోనే హెచ్చరించాడు. విరుగుడుగా నీటి స్థానంలో ఆల్కహాల్, దాని స్థానంలో ద్రవ కార్బన్ డయాక్సైడ్ నింపి, 31 డిగ్రీలు, 73 వాతావరణాల పీడనం దాటిస్తారు. ఆ దశలో ద్రవానికీ వాయువుకూ మధ్య సరిహద్దే ఉండదు, సరిహద్దు లేనప్పుడు తలతన్యతా ఉండదు. మెమ్స్, అంటే ఈ సూక్ష్మ యంత్రాల, రంగంలో ఇంజనీర్లు అవరోధంగా చూసే సగం విషయాలు సర్ఫేస్ ఫిజిక్స్‌లో పాఠ్యాంశాలని నాకు స్పష్టమైంది అప్పుడే.

నేను చేయాలనుకున్న చిప్ కొత్త ఊహేమీ కాదు. 1950లలో లీలాండ్ క్లార్క్ చేసిన ఆక్సిజన్ ఎలక్ట్రోడ్‌ను చిన్నది చేయడమే. ప్లాటినం కాథోడ్, సిల్వర్ క్లోరైడ్ పట్టించిన వెండి ఆనోడ్, మధ్య పొటాషియం క్లోరైడ్ జెల్, పైన నీటిని ఆపి, ఆక్సిజన్ వంటి వాయువులను దాటనిచ్చే టెఫ్లాన్ పొర. సుమారు మైనస్ 0.7 వోల్టు దగ్గర, వచ్చిన ప్రతి ఆక్సిజన్ అణువూ నాలుగు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. ఆ కరెంటే కొలత. కాథోడ్‌ను కొన్ని మైక్రాన్లకు తగ్గిస్తే అది తినే ఆక్సిజన్ అతి స్వల్పం, నీటిని కలియబెట్టకపోయినా రీడింగు నిలుస్తుంది. ప్లాటినం సిలికాన్ ఆక్సైడ్‌కు అంటుకోదు కనుక కింద కొన్ని నానోమీటర్ల టైటానియం వేయాలి. ఇంటర్వ్యూ బోర్డులోని ఆ పెద్దమనిషి ప్రశ్నకు జవాబు ఇదే అయినా, అప్పటికి నాకు తట్టలేదు.

చిప్పులు తెచ్చుకున్నాక అసలు పని మా కళాశాలలో మొదలైంది. ముందు రీడింగు సరిచూసుకోవాలి: ఆక్సిజన్‌ను తినేసే సోడియం సల్ఫైట్ ద్రావణంలో సున్నా, గాలి బుడగలు వదిలిన నీటిలో పై కొస. 30 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, ఉప్పునీటిలో అంతకన్నా తక్కువ. వేసవిలో ఇదంతా సవ్యంగానే నడిచింది. శ్రావణ మాసం వచ్చేసరికి సున్నా ద్రావణంలో కూడా కరెంటు చూపించసాగింది. నానో ఆంపియర్ల స్థాయిలో పని చేసేటప్పుడు సర్క్యూట్ బోర్డు మీద సోల్డరింగ్ ఫ్లక్స్ మరక తేమ పీల్చుకుంటే చాలు, కరెంటు దాని మీదుగా నడిచిపోతుంది. మా ఈసీఈ విభాగంలోని సహోద్యోగి ఇన్‌పుట్ చుట్టూ, పక్కనుంచి కారే కరెంటును అడ్డుకునే గార్డ్ రింగ్ గీసి, బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పైన పూత పూసి సరిచేశారు. ఎలక్ట్రానిక్స్ వాళ్ల చేయి లేకుండా ఈ పని ఒక్క ఫిజిక్స్ మనిషి వల్ల అయ్యేది కాదు. మాస్కు గీయడం, ఎలక్ట్రోడ్ వోల్టేజిని నిలకడగా ఉంచే పొటెన్షియోస్టాట్ కట్టడం నాకు ఎవరూ నేర్పని చదువు.

చెరువులో పెట్టినప్పుడు ఇంకో రకం కష్టం. భీమవరం పరిసరాల్లో 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చిన తర్వాత చెరువులు ఎంత పెరిగాయో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. కరిగిన ఆక్సిజన్, అంటే రైతుల మాటలో డీఓ, లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల కన్నా దిగకూడదని చూసుకుంటారు. రాత్రంతా నీటిలో తేలే సూక్ష్మజీవులు, ప్లాంక్టన్, కూడా ఊపిరి తీసుకుంటుంది కనుక తెల్లవారుజామున అది అట్టడుక్కి పోతుంది, అప్పుడే నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిరగాలి. మా చిప్ మొదటి కొద్ది రోజులు బజారు మీటరుతో సరిపోయింది. తర్వాత ఒక ఉదయం చెరువు రైతు ఫోన్ చేశారు. “ఆయ్, మాస్టారూ, మీ మిషను మూడే చూపిస్తోందండి. చెక్ ట్రేలో మేత మాత్రం గింజ మిగలట్లేదండి, రొయ్య హుషారుగానే ఉందండి. ఇంకా ఏరియేటర్లు తిప్పమంటారేటండి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలండి?”

చిప్‌ను పైకి తీస్తే టెఫ్లాన్ మీద కంటికి ఆనీ ఆనని జిగురు. దాన్ని నేను పరిశోధన చేసిన పాత ప్రయోగశాలకు పంపి, ఉపరితలం మీద ఏయే మూలకాలు ఉన్నాయో చెప్పే ఎక్స్-రే ఫోటోఎలక్ట్రాన్ స్పెక్ట్రం తీయించాను. ఆ పద్ధతి పై పది నానోమీటర్ల లోపే చూస్తుంది. టెఫ్లాన్‌లో ప్రధానంగా కనిపించవలసిన ఫ్లోరిన్ శిఖరం దాదాపు మాయమైంది. 400 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర నత్రజని లేచింది, అంటే ప్రోటీన్లు. నీటిలో మునిగిన ఏ వస్తువు మీదైనా ముందు సేంద్రియ పదార్థాలు పొరగా పట్టి, వాటి మీద బాక్టీరియా కాపురం పెడుతుంది. ఆ పొర ఆక్సిజన్‌ను అడ్డుకుంటుంది, కొంత తానే తినేస్తుంది కూడా, రీడింగు తగ్గుతుంది. వెండి ఆనోడ్ కూడా నల్లబడింది, అక్కడ గంధకం కనిపించింది. చెరువు అడుగు నల్లమట్టిలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు కాబట్టి టెఫ్లాన్‌ను దాటి వెండిని సల్ఫైడ్‌గా మార్చింది. ఛాంబరులో సెకన్లలో లెక్కపెట్టిన మాలిన్యమే ఇక్కడ రోజుల్లో జరిగింది, అంతే తేడా.

కాంతితో కొలిచే ఆప్టికల్ డీఓ మీటర్లు బజారులో దొరుకుతున్నాయి, వాటికి వెండి, జెల్ బాధలు లేవు. నిజం చెప్పాలంటే కొనగలిగిన రైతుకు నేను వాటినే కొనమంటాను. అయినా జిగురు వాటి మీదా పడుతుంది కనుక, మా పని ఇప్పుడు చిప్ మీద కన్నా పైపూత మీద నడుస్తోంది: నీటి అణువులను గట్టిగా పట్టుకుని ప్రోటీన్లను దగ్గరకు రానివ్వని పాలిమర్ పూతలు. వెండికి ముందు సల్ఫైడ్‌ను పట్టేసే ఇంకో ఎలక్ట్రోడ్‌ను కొత్త మాస్కులో చేర్చాం, చిప్‌ను అడుగు మట్టికి దూరంగా నడుమ లోతులో వేలాడదీస్తున్నాం. పూత వేసినవీ వేయనివీ పక్కపక్కనే ఒకే చెరువులో దించి పోల్చే పని పట్టుబడి, అంటే రొయ్యలు పట్టడం, లోపు ముగించాలి. పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, మళ్లీ నీరు పెట్టేదాకా మాకు చెరువు దొరకదు.